జేబు లేనివాళ్ల పెన్ను

తల్లిగారింటికి పోతే చాయ పెట్టే పని తప్పుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. పోయిన బతుకమ్మకు బోధన్ పోయాను. సద్దుల బతుకమ్మ తెల్లారి మా అన్న దోస్తులు ముగ్గురు హైదరాబాద్ నుంచి వచ్చారు. వదిన అప్పుడే స్నానానికి పోయింది. ఇంకేముంది, చాయ నా మీద పడింది.

గ్లాసులు పట్టుకుని ముందరి అర్రలోకి పోయేసరికి బల్ల మీద ఇరవై దాకా ఇంకుపెన్నులు పరుచుకుని కూర్చున్నారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా అంత తీరిగ్గా చూడరు. ఒకాయన పార్కర్ 51 తర్వాత పెన్ను పుట్టలేదంటాడు. ఇంకొకాయన జపాన్ పైలట్ ముందు అదెంత అంటాడు. మూడో ఆయనకు జర్మనీ లామీ తప్ప పట్టదు. మా అన్న సేలర్ పాళీని వెలుతురుకు పట్టి, పద్నాలుగు క్యారెట్ల బంగారమని చూపిస్తున్నాడు. చాయ చల్లారింది, మాట చల్లారలేదు.

ఆ పెన్నులన్నిటికీ పక్కన, మఖ్మల్ గుడ్డ పరిచిన చిన్న డబ్బాలో, నల్లగా ఒక లావాటి పెన్ను. దాన్ని చూడగానే గుండె ఒక్కసారి ఆగినట్టయింది. అది మా బాపు పెన్ను. రాజమండ్రి రత్నం పెన్ను.

"దాన్ని ముట్టకురి, అది బాపుది" అన్నాడు అన్న, దోస్తులతో. ఆ మాట నాకు కూడా అనిపించింది.

బాపు శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర గుమాస్తా. చెరుకు బండ్లు తూకమైనప్పుడు చీటీలు రాసేవాడు. నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చినప్పుడు కోస్తా జిల్లాల నుంచి వచ్చి మా దిక్కు పొలాలు చేసుకున్నవాళ్ల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. అట్లాంటి క్యాంపు రైతు ఒకాయన 1979 గోదావరి పుష్కరాలకు తన సొంతూరు పోయి, వస్తూ బాపుకు ఈ పెన్ను తెచ్చాడు. బాపు తీసుకోలేదు. కాటా కాడ కూసున్నోడు ఎవని చేతిదీ ఏదీ పట్టొద్దని ఆయన పట్టుదల. చివరికి దాని ధర ఎంతో అంత లెక్కపెట్టి ఇచ్చి తీసుకున్నాడు. ఎంత ఇచ్చాడో అమ్మకు కూడా చెప్పలేదు.

మా అమ్మకు ఆ పెన్నుతో ఉన్న సంబంధమంతా బాపు అంగీ జేబు కింద మరక వరకే. నిమ్మకాయ రుద్దేది, ఉప్పు రుద్దేది, తిట్టేది, ఆరేసేది. నాకు ఆదివారం పని. బ్రిల్ సీసా, ఫిల్లర్, పాత పంచె గుడ్డ ముందర పెట్టుకుని, మర విప్పి, చుక్క కింద పడకుండా నింపేదాన్ని. పాళీ తుడిచేది నా జుట్టుకే. నింపేది నేను, రాసేది బాపు.

నేను పదో తరగతి పాసైన ఏడాది మా చిన్నాయన దుబాయి నుంచి రెండు పెన్నులు తెచ్చాడు. ఒకటి పార్కర్, ఒకటి చైనా హీరో. పార్కర్ అన్నకు పోయింది, హీరో నాకు వచ్చింది. మార్కుల సంగతి అడగకండి, ఇప్పుడు చెప్తే అన్న నొచ్చుకుంటాడు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఆ రోజు ఆ నలుగురూ గంటసేపు పెన్నుల గుణాలు చెప్పుకున్నారు. పాళీ మెత్తదనం, ఇంకు పారడం, బరువు, మెరుపు. ఒక్కరు కూడా మూత గురించి మాట్లాడలేదు. వాళ్లు కూర్చుని రాస్తారు. మూత తీసి పక్కన పెట్టి, పని అయ్యేదాకా రాసి, మళ్లీ పెడతారు. మనం అట్లా రాస్తామా? ఒక మాట రాయగానే పాలు పొంగుతాయి. రెండో మాటకు గ్యాసు బండ అబ్బాయి వస్తాడు. ఒక వాక్యం పూర్తి కావడానికి నాలుగు సార్లు మూత తీసి నాలుగు సార్లు పెట్టాలి. ఒక్కోసారి పెట్టిన మూత మళ్లీ తీసేది వారం తర్వాతే. కాబట్టి నా లెక్కలో పెన్నుకు మొదటి పరీక్ష, ఎంత బాగా రాస్తుందని కాదు, ఎంతసేపు ఆగుతుందని.

ఇది నాకు హీరో నేర్పింది. 1991లో పెళ్లయి మోర్తాడ్ వచ్చాను, మరుసటేడే మా ఆయన మస్కట్ పోయాడు. మా వాడకట్టులో సగం ఇండ్లు అంతే. మగవాళ్లు గల్ఫులో, ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ. నాకు రాత వచ్చని తెలిసి ఒక్కొక్కరే ఉత్తరం రాయించుకోను వచ్చేవాళ్లు. చెప్తూ చెప్తూ ఆగిపోయేవాళ్లు. అత్త పక్కనుంటే ఇంకా ఎక్కువ ఆగేవాళ్లు. ఒకామె అయితే ప్రతి ఉత్తరంలో ఒక చోటికి రాగానే "గీడ ఒక లైను ఖాళీ ఇడ్సిపెట్టు పిల్లా, ఆయినకు ఎరికయితది" అనేది. ఆ ఆగినంతసేపూ నా చేతిలో మూత తీసిన హీరో ఉండేది. ఎండిపోకుండా, తర్వాతి మాట కోసం చూస్తూ.

అది ఎందుకు ఎండదో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. హీరో పాళీ బయటికి కనపడదు, కొస ఒక్కటే తొంగిచూస్తుంది. ముసుగేసుకున్న పాళీకి గాలి తక్కువ తగులుతుంది. ఆ తరహా 1941లో బజారుకు వచ్చిన పార్కర్ 51ది, చైనా వాళ్లు దాన్ని చూసి హీరోను చేశారు. అంటే అన్న దోస్తు పొగిడిన ఆ గొప్ప పెన్నుకు పేద చెల్లెలు నా దగ్గరే ఉండేది! పేద చెల్లెలికి ఒక లోపం లేకపోలేదు. కొన్నేళ్లకు మూత వదులైపోతుంది, ఇక అప్పుడు ముసుగున్నా ఎండుతుంది. నా హీరో అట్లాగే పోయింది.

తర్వాత చాలా పెన్నులు వాడాను. మన దేశంలో చేసిన పార్కర్ వెక్టర్ మంచిదే, కష్టపడే కోడలు లాంటిది, మెచ్చుకునేవాళ్లు తక్కువ. లామీ సఫారీ పట్టుకునే చోట వేళ్లకు పలకలు చెక్కి ఉంటాయి. వాళ్లు చెప్పిన చోటే వేళ్లు పెట్టాలి, నా చెయ్యి ఒప్పుకోలేదు. పైలట్ పాళీ నిజంగా మంచిది. కాని ఒక చిక్కు. జపాన్ వాళ్ల సన్న పాళీ యూరప్ వాళ్ల సన్న పాళీ కంటే ఇంకా సన్నం. మన తెలుగుకు ఒత్తులున్నాయి కనుక సన్నం మంచిదే, లావు పాళీతో "లక్ష్మి" రాస్తే కింద ఒత్తులన్నీ ఇంకు బొట్టయి కూర్చుంటాయి. కాని మన అక్షరం గుండ్రం. చెయ్యి కిందికి లాగినంత పైకీ తోయాలి. మరీ సన్న పాళీ పైకి తోసేటప్పుడు కాగితాన్ని గీరుతుంది. అందుకని పైలట్‌లో సన్నం వద్దు, మధ్యరకం తీసుకోండి. ఈ ముక్క ఆ రోజు చెప్పబోయాను. "చెల్లే, బిస్కిట్లు ఉన్నయా?" అన్నాడు అన్న.

ఇప్పుడు నేను రాసేది ప్లాటినం ప్రెప్పీతో. ప్లాస్టిక్కుది, వాళ్లు బల్ల మీద కూడా పెట్టరు. కాని దాని మూతలో లోపల ఇంకో బిగింపు మూత ఉంది, ఏడాది వాడకపోయినా ఇంకు ఎండదని కంపెనీ చెప్తుంది. ఏడాది నేను చూడలేదు గాని, పసుపు ఉడకబెట్టే నెలంతా అలమారలో పడి ఉండి, తీయగానే రాసింది. నాకది చాలు.

మరి రత్నం పెన్ను? అది ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. లేతు మీద చేత్తో తిప్పి చేస్తారు. ఎండ పడితే నలుపు పోయి గోధుమ రంగు తిరుగుతుంది. లోపల ట్యూబు ఉండదు, పెన్ను కడుపే సీసా. ఇంకు బాగా తగ్గాక చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి చుక్క కక్కుతుంది. బాపు జేబు మరకల కథ అదే, సగం కాకముందే నింపితే ఆ బాధ ఉండదు. నేను ఆదివారం ఆదివారం నింపినన్నాళ్లూ మరకలు తక్కువ, నా పెళ్లయ్యాక ఎక్కువ అని అమ్మ అనేది. మూత మాత్రం మరతో బిగుస్తుంది, దానికి ఢోకా లేదు.

ఆ పెన్ను వెనక పెద్ద చరిత్ర ఉంది. స్వదేశీ పెన్ను కావాలన్న గాంధీజీకి రత్నం గారు చేసిన పెన్ను కుమారప్ప చేతుల మీదుగా అందింది. దానితో రాసి చూసి, విదేశీ పెన్నుకు బదులు పనికొస్తుందని మెచ్చుకుంటూ 1935లో ఆయన ఉత్తరం రాశారు. అన్న ఈ కథ దోస్తులకు చెప్తుంటే గర్వంగా విన్నాను. ఇప్పుడు రాజమండ్రిలో రత్నం అని ఒకటి, రత్నంసన్ అని ఒకటి ఉన్నాయట. గైడర్ కూడా ఆ ఊరిదే. హైదరాబాద్ ఆబిడ్స్‌లో 1928 నాటి డెక్కన్ పెన్ స్టోర్స్ సంగతీ వచ్చింది. నాకు మాత్రం ఆ "సన్" దగ్గరే మనసు చిక్కుకుంది. కొడుకు పేరు మీద పెన్ను ఉంది. బిడ్డ పేరు మీద ఏ దేశంలోనన్నా ఉందా, ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.

ఇంకో మాట. ఏ పెన్నుకైనా క్లిప్పు ఎందుకుంటుంది? జేబు కోసం. మన రవికెకు జేబు లేదు, చీరకు లేదు. మన పెన్నులన్నీ బియ్యం డబ్బా మీద, ఫ్రిజ్ మీద, దేవుడి అలమారలో. అవసరానికి దొరకవు. పొదుపు సంఘం లెక్కలు పదేళ్లుగా నేనే రాస్తున్నా, బ్యాంకుకు పోతే దారం కట్టిన బాల్‌పెన్నే గతి.

ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మాకున్నది రెండెకరాలు. ఆరేళ్ల కింద బాపు పోయాక అన్న కాగితం పెట్టాడు, సంతకం పెట్టాను. బలవంతం ఏమీ లేదు, నేనే పెట్టాను. సంతకానికి పెన్ను అన్నే జేబులోంచి తీసి ఇచ్చాడు. అయిపోయాక వెనక్కి ఇచ్చేశాను.

అన్నం తిన్నాక, దోస్తులు పోయాక, అడిగాను. "అన్నా, బాపు పెన్ను నాకియ్యరాదు."

అన్న నవ్వాడు. "అది రాయనీకె కాదే. జ్ఞాపకం. పాళీ పోతే మళ్ల దొరకది. నీకు కావాల్నంటె కొత్తది కొనిస్త, లామీ కొనిస్త, ఏదంటె అది."

న్యాయంగా చెప్పాలి. బాపు మంచాన పడ్డ ఏడాది చూసుకున్నది అన్నా వదినే. పాత సామాను తీసేసిన రోజు ఆ పెన్నును చెత్తలోంచి ఏరి దాచింది కూడా అన్నే. ఆయనకు ప్రేమ లేదని నేను అనను. కాని నేను ఆ డబ్బా తీసి చూశాను. పాళీ మీద ఇంకు పొలుసు కట్టింది. నాలుక సందులన్నీ నీలంగా గడ్డకట్టాయి. బాపు చివరిసారి నింపిన ఇంకు అట్లాగే ఎండిపోయింది. దాన్ని జ్ఞాపకం అంటే నాకు ఒప్పదు. మా బాపు రోజుకు వంద చీటీలు రాసిన మనిషి.

"పెన్ను రాసేటోళ్ల కాడ ఉండాలె" అంది వదిన, గిన్నెలు సర్దుతూ, మా ఇద్దరి దిక్కూ చూడకుండా. అన్న ఏమీ అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు. బస్సులో ఆర్మూర్ దాటేదాకా నాకు నేనే తిట్టుకున్నాను, భూమి కాగితం మీద నోరు తెరవనిదానివి పెన్నుకు తెరిచావేమని. మోర్తాడ్‌లో దిగేటప్పటికి కోపం పోయింది. నాకు కావలసింది పెన్నే. ఇది భూమికి బదులు కాదు. అందుకే మళ్లీ అడుగుతున్నాను, ఈసారి రాతలో.

అన్నా, నువ్వు ఇవి చదువుతావని వదిన చెప్పింది. పాళీ గుంజి తీయకు, విరుగుతది. వేడి నీళ్లు పోయకు, ఎబొనైట్ రంగు పోతది. పాళీ దిక్కు కిందికి పెట్టి మామూలు నీళ్ల గ్లాసుల రాత్రంత నానబెట్టు. నీళ్లు నీలమైతే పారబోసి మళ్ల పెట్టు. మూడు దినాలు పట్టచ్చు. సంక్రాంతికి వస్త. ఇంకు నేనే తెచ్చుకుంట.