గది లేని తెలుగు తరగతికి ఒక రంగుల పెట్టె



బడులు తెరచే రోజులలో అంగళ్ళ నిండా ఒక తీరు సరకు కనిపిస్తుంది. బల్లపై పెట్టుకొనే ప్లాస్టిక్ అరల పెట్టెలు, గుండ్రంగా తిరిగే పెన్ స్టాండులు, పిడి గల రంగుల పెట్టెలు, చక్రాల మీద నడిచే మూడంతస్తుల తట్టలు. వీటిని డెస్క్ ఆర్గనైజర్లు అంటున్నారు. ఇవి కొనవలెనా వద్దా అన్నది పైకి చిన్న ప్రశ్నగానే తోచును. తెలుగు రాష్ట్రాల వెలుపల తెలుగు చెప్పే మన వంటివారికి మాత్రం ఇది చిన్న ప్రశ్న కాదు. రంగులు, కుంచెలు, కత్తెరలు ఎక్కడ ఉండవలెనన్న విషయం తేలకపోతే, అవి తెలుగు తరగతిలోకి వచ్చే మాటే ఉండదు. ఈ సంగతినే కొంత వివరంగా వ్రాయుచున్నాను.

ముందుగా మన స్థితి. నేను పనిచేసే తమిళనాడు సరిహద్దు ప్రాంతంలో ఒకప్పుడు తెలుగు మాధ్యమపు బడులలో తెలుగు ఉపాధ్యాయునికి ఒక తరగతి గది, అందులో ఒక చెక్క బీరువా, గోడ మీద అక్షరమాల పటం ఉండేవి. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చినది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటికి ఒక తరగతి చొప్పున ఎక్కి 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళం నేర్చుకొనుటకు మన పిల్లలకుగాని మనకుగాని అభ్యంతరం లేదు. అది మనం బ్రతికే నేల భాష. అయితే ఈ మార్పుతో అనేక బడులలో తెలుగు ఒక పీరియడుగా మిగిలినది. పీరియడుకు గది ఉండదు. ఉపాధ్యాయుడు సుద్దముక్క, హాజరు పట్టీ చేతబట్టుకొని గది నుండి గదికి నడుచును. కొన్ని దినములు వసారాలో, కొన్ని దినములు చెట్టు క్రింద. కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలలోని మిత్రులు చెప్పే మాటలు విన్నను, చట్టాలు వేరైనా ఈ గది లేని స్థితి చాలాచోట్ల ఒక్కటే.

ఇటువంటి తరగతిలో మొదట మాయమయ్యేది చిత్రలేఖనం. పాఠ్యపుస్తకం పిల్లవాని సంచిలో వచ్చును. రంగులు ఎవరు తేవలెను? ఎక్కడ దాచవలెను? అందువలన తెలుగు పీరియడు చూచివ్రాతగాను, ఉక్తలేఖనంగాను కుదించుకొని పోవును.

"చిత్రలేఖనానికి డ్రాయింగు మాష్టారు ఉన్నారు గదా, మనకెందుకు?" అని కొందరు పెద్దలు అడుగుదురు. తెలుగు అక్షరానికి చేతి వ్రేళ్ళకు ఉన్న సంబంధం తెలిసినవారు ఈ ప్రశ్న వేయరు. తమిళ లిపిలో నిలువు గీతలు, అడ్డగీతలు, మూలలు ఎక్కువ. దేవనాగరిలో పైన శిరోరేఖ ఉండును. మన అక్షరాలలో వంపులు, సున్నలు ఎక్కువ, చాలావాటి మీద తలకట్టు. ముందుగా తమిళం గాని మరాఠీ గాని వ్రాయ నేర్చిన చేయి తెలుగు దగ్గరకు వచ్చునప్పటికి బిగుసుకొని ఉండును. మ, య రెండింటిలోను వంపులు ఎక్కడ తిరుగవలెనో, ఘ, ఝ లకు ఎన్ని మలుపులో ఆ చేతికి అందదు. కన్నడ బిడ్డకు లిపి దగ్గరి చుట్టం గనుక కొంత సులభం. ఒడియా లిపిలోను గుండ్రదనం ఉన్నది గాని దాని వంపు పైన ఉండును. ఈ బిగువు సడలుటకు కాపీ పుస్తకం కంటె పెద్ద కాగితం మీద మైనపు రంగుతో గీసిన నత్తగుల్ల, ద్రాక్షగుత్తి, తామరాకు ఎక్కువ మేలు చేయును. చేయి ముందుగా వంపును ఆటగా నేర్చుకొనును. తరువాత అదే వంపు అక్షరమగును.

ఇంకొక సంగతి. ఇంట తెలుగు మాటాడే పిల్లలే అయినా రంగుల పేర్లు, పనిముట్ల పేర్లు ఇంగ్లీషులోనో స్థానిక భాషలోనో చెప్పుచున్నారు. ఊదా, గోధుమరంగు, చిలకపచ్చ, కుంచె, జిగురు, బలపం అనే మాటలు వారి నోట రావలెనంటే ఆ వస్తువులు వారి చేతిలో ఉండవలెను.

ఈ దృష్టితోనే గత కొన్ని సంవత్సరాలుగా నా తరగతులలో రకరకాల పెట్టెలను వాడి చూచుచున్నాను. వాటి గుణదోషాలు ఇవి.

అంగడిలో దొరికే ప్లాస్టిక్ బల్ల పెట్టె. ఇది కార్యాలయపు బల్ల కొరకు చేసినది. గుండుసూదులకు, క్లిప్పులకు, చీటీలకు చిన్న చిన్న అరలుండును. మన వస్తువుల కొలత వేరు. మామూలు మైనపు రంగు సుమారు 9 సెంటీమీటర్లు, కొత్త పెన్సిలు 17 లేక 18 సెంటీమీటర్లు. ఈ అరలలో ఒకటి మునిగిపోవును, ఒకటి తలక్రిందులగును. ఇంతకంటె పెద్ద చిక్కు ఏమనగా, ఇది ఒక బల్ల మీద కదలక ఉండవలసిన వస్తువు. మనకు ఆ బల్లే లేదు. పైగా పెట్టె ఒక్కచోట ఉన్నచో పిల్లలందరు దాని చుట్టు మూగుదురు. వెనుక వరుసలోని బిడ్డకు మిగిలేది అందరూ వద్దన్న రంగే. సొంత గది ఉన్న ఉపాధ్యాయులకు ఇది పనికిరావచ్చును.

చక్రాల తట్ట. చదునైన నేల ఉన్న పట్టణపు బడికి మంచిదే. గడపలు, మెట్లు, గులకరాళ్ళ ఆవరణ ఉన్న బడిలో దానిని మోయుటకు ఇద్దరు కావలెను.

ఖాళీ డబ్బాలు. ఖర్చు లేదు. 10, 11 సెంటీమీటర్ల ఎత్తు గల డబ్బా పెన్సిళ్ళకు సరిగ్గా సరిపోవును. పెన్సిలులో సగానికి మించి లోపల ఉండి, పై భాగం చేతికి అందును. అంచు పిల్లల వ్రేలు కోయకుండ గుడ్డ పట్టీ అంటించవలెను. మైనపు రంగులకు మాత్రం ఈ ఎత్తు ఎక్కువ. పిల్లలు డబ్బా బోర్లించి వెదకుదురు. మోసుకొని పోవుటకు నాలుగు డబ్బాలను ఒక తీగ బుట్టలో పెట్టుకొనవలెను.

పోపుల డబ్బా. మన వంటింటి అరల పెట్టె ఇదే గదా. ఏడు గిన్నెలు, ఒక మూత. విరిగిన రంగు ముక్కలకు ఇంతకంటె మంచి చోటు లేదు. ఎరుపు ఒక గిన్నె, పసుపు ఒక గిన్నె, నీలం ఒక గిన్నె. ఒకటవ తరగతి పిల్లలు వాటిని వేరుచేయుటనే ఆటగా ఆడుకొందురు. పూసలకు, గుండీలకు, బలపం ముక్కలకు కూడ బాగు. లోపం ఒక్కటే. కదిలించి నడచినచో గిన్నెలు పొంగి అన్నియు కలిసిపోవును. కావున ఇది ఒకే గదిలో ఉండదగినది, దూరం పోదగినది కాదు.

టిఫిను క్యారియరు. నాకు అన్నిటికంటె నచ్చినది ఇది. నాలుగు గిన్నెలు ఒకదాని మీద ఒకటి, ప్రక్కల బిగింపు, పైన పిడి. ఒక చేత పట్టుకొని ఏ గదికైనా నడువవచ్చును. తరగతిలో పిల్లలను నాలుగు జట్లు చేసి జట్టుకొక గిన్నె ఇచ్చినచో ఎవరును లేచి రానక్కరలేదు. మైనపు రంగులు గిన్నె అడుగున అడ్డంగా పడుకొనును. మూతలో నీరు పోసి కుంచె కడుగుకొనవచ్చును. స్టీలు గనుక విరగదు, చీమ పట్టదు. మూత పోయిన క్యారియరు, ఒక గిన్నె పోయిన క్యారియరు ప్రతి ఇంటి అటక మీద ఉండును. ఒక చిన్న జాగ్రత్త. లోహం త్వరగా వేడెక్కును. ఎండ పడే కిటికీ వద్దగాని రేకుల కప్పు క్రింద ఎత్తున గాని పెట్టినచో మైనపు రంగులు మెత్తబడి అంటుకొనును.

గుడ్డ సంచి. పెన్సిళ్ళు, కుంచెలు క్యారియరులో పట్టవు. వీటికి మూరెడు గట్టి గుడ్డ తీసుకొని వరుసగా సన్నని జేబులు కుట్టి, చుట్టచుట్టి నాడాతో కట్టవలెను. పూర్వం మంగలి తన పనిముట్లను పెట్టుకొని ఇంటింటికి తిరిగిన అడపం పద్ధతి ఇదే. తోలుబొమ్మలాట వారు బొమ్మలు మోసుకొని ఊరూర ఆడినారు. పని ఊళ్ళు తిరిగేదైనప్పుడు సామాను కూడ తిరగగలిగినట్లు అమర్చుకొనుట మనవారికి కొత్త కాదు. అడపంలో తడి కుంచెలు చుట్టరాదు. వెంట్రుకలు వంగిపోవును, వాసన పట్టును. పరచి ఆరనిచ్చిన తరువాతనే చుట్టవలెను. కుంచెను వెంట్రుకల మీద ఎన్నడును నిలబెట్టరాదు.

ఏ పెట్టె అయినా సరే, దానిపై చీటీ తెలుగులో ఉండవలెను. ఆ చీటీ ఉపాధ్యాయుడు గాక పిల్లలే వ్రాయవలెను. "కుంచెలు" వ్రాయుటలో సున్న వచ్చును. "కత్తెరలు" వ్రాయుటలో తవత్తు వచ్చును. "అట్టముక్కలు" వ్రాయుటలో రెండు ఒత్తులు వచ్చును. పీరియడు ముగియునప్పుడు జట్టు నాయకుడు లెక్కచూచి "మా గిన్నెలో చిలకపచ్చ ఒకటి తగ్గినది అయ్యవారూ" అని చెప్పవలెను. పుస్తకంలో లేని ఈ వాక్యం ప్రతిదినం ఒకరి నోట పలుకును. సర్దుకొనుట కూడ తెలుగు పాఠమే అగును.

ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డ మీద ప్రేమతో 48 రంగుల పెద్ద పెట్టె కొని సంచిలో పెట్టి పంపకండి. 2020 నాటి పాఠశాల సంచి విధానం, సంచి బరువు బిడ్డ బరువులో పదవ వంతుకు మించరాదని చెప్పినది. బరువు ఒక కారణం మాత్రమే. ఒక బిడ్డ వద్ద 48 రంగులు, ప్రక్క బిడ్డ వద్ద రెండు ముక్కలు ఉన్నచోట బొమ్మ గీయుట పోటీ అగును, కొన్నిసార్లు ఏడుపు అగును. అదే డబ్బుతో జట్టు గిన్నెలోకి రెండు డజన్ల మామూలు రంగులు ఇవ్వండి. అటక మీది క్యారియరు దింపి ఇవ్వండి. కుట్టుపని వచ్చిన తల్లులు ఒక్క సాయంత్రంలో అడపం కుట్టి ఇవ్వగలరు.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. "మీరు ఇట్లు చేతిపెట్టెతో సర్దుకొని పోయినచో, తెలుగుకు గది ఎందుకు, బీరువా ఎందుకు అని యాజమాన్యం అనదా? మన లేమిని మనమే అందంగా చూపినట్లు కాదా?" ఒక మిత్రుడు నాతో ఈ మాట అన్నాడు. ఇది తోసివేయదగిన మాట కాదు. నా సమాధానం ఏమనగా, పెట్టె వేరు, హక్కు వేరు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రయత్నించవలెనని రాజ్యాంగపు 350ఎ అధికరణం 1956 నుండి రాష్ట్రాలకు చెప్పుచున్నది. 2009 విద్యాహక్కు చట్టపు అనుబంధంలో ప్రతి తరగతికి అవసరమైన బోధనాభ్యసన సామగ్రి ఇవ్వవలెనని ఉన్నది. తెలుగు తరగతి కూడ తరగతియే. కావున క్యారియరు చేతబట్టుకొని తిరుగుచునే, బీరువాలో ఒక అర కొరకు ప్రధానోపాధ్యాయునికి వ్రాతపూర్వకంగా అర్జీ పెట్టవలెను. సామాను ఏమియు లేనివానికి అర ఎందుకని అడుగుదురు. నిండిన పెట్టె చూపి అడిగినవానిని అట్లు అనలేరు.

డబ్బు మాట కూడ చెప్పవలెను. సర్వశిక్షా అభియాన్ కాలంలో ఉపాధ్యాయునికి ఏటా 500 రూపాయలు బోధన సామగ్రికి విడిగా వచ్చేవి. తక్కువే అయినా అది మన చేతికి వచ్చే పైకం. 2018లో సమగ్ర శిక్ష వచ్చిన తరువాత ప్రభుత్వ పాఠశాలలకు నిధి బడి మొత్తానికి కలిపి వచ్చుచున్నది. ఆ నిధి ఖర్చు గురించి మాటాడేచోట తెలుగు ఉపాధ్యాయుడు నోరు విప్పనిచో తెలుగుకు ఒక్క రంగుపెన్సిలు కూడ రాదు. పాఠశాల నిర్వహణ సమితిలో తల్లిదండ్రులు సభ్యులుగా ఉందురు. అక్కడ మన తల్లిదండ్రులు కూర్చుండవలెను, అడుగవలెను.

ఇంత చిన్న వస్తువు గురించి ఇంత వ్రాయుటకు కారణం ఉన్నది. బిడ్డ ఒక భాషను విలువ కట్టేది మన ఉపన్యాసాలు విని కాదు. ప్రక్క తరగతిలో రంగులు, బొమ్మలు, అట్టపనులు ఉండి, తెలుగు పీరియడులో చూచివ్రాత మాత్రమే ఉన్నచో, తెలుగు అనగా విసుగు అని ఆ బిడ్డ తీర్మానించుకొనును. పై తరగతిలో భాష ఎంచుకొనే వేళ ఆ తీర్మానమే పనిచేయును. పిల్లలు తగ్గినందున ఉపాధ్యాయుని వేయలేదందురు. ఉపాధ్యాయుడు లేనందున పిల్లలు చేరలేదందురు. ఈ చక్రం ఎట్లు తిరుగునో మనలో చాలమంది కళ్ళార చూచినవారమే. దానిని ఒక్క రంగుల పెట్టె ఆపునని నేను చెప్పుట లేదు. మన చేతిలో ఉన్న పనులలో ఇది ఒకటి, ఈ వారమే చేయదగినది అని చెప్పుచున్నాను.

కావున మిత్రులారా, ముందుగా ఒక క్యారియరు, ఒక గుడ్డ అడపం సిద్ధం చేసుకొనండి. ఒక తరగతితో, వారానికి ఒక పీరియడుతో మొదలుపెట్టండి. నెల తరువాత బీరువాలో అర కొరకు అర్జీ వ్రాయండి, దాని నకలు మీ వద్ద ఉంచుకొనండి. యానాంలోను, బరంపురంలోను, షోలాపురంలోను, బళ్ళారిలోను మీ ఇండ్లలో మరేవైనా డబ్బాలు, బుట్టలు ఇందుకు పనికివచ్చినచో వాటి కొలతలతో సహా తెలియజేయగలరు. ముఖ్యంగా పొడవైన పెన్సిళ్ళు, కుంచెలు, మైనపు రంగులు మూడును ఒకే దానిలో పట్టి, ఒక చేత మోయదగిన పెట్టె ఎవరివద్దనైనా ఉన్నదేమో చెప్పండి. నాకు ఇంతవరకు అది దొరకలేదు.