నల్లకోటు ఒక్కటే, దారులు మూడు

వకీలు రాజకీయాల్లోకొస్తే మనోళ్లు అడిగే మొదటి మాట: ‘ఏ పదవి కోసం?’ అడగాల్సిందే. జర్మనీ వకీలు హాన్స్ క్రిస్టియాన్ ష్ట్రోబెలెను కూడా అడుగుదాం.

1969లో పశ్చిమ బెర్లిన్‌లో హోర్స్ట్ మాలర్‌తో కలిసి సోషలిస్టు వకీళ్ల బృందం పెట్టాడు. రెడ్ ఆర్మీ ఫ్రాక్షన్ ముద్దాయిల తరఫున నిలబడ్డాడు. 1975లో స్టామ్‌హైమ్ విచారణ మొదలుకాకముందే ఆయన్ని కేసు నుంచి తప్పించారు. తర్వాత ఆ సంస్థకు తోడ్పడ్డాడని ఆయనకే శిక్ష వేశారు. ఆ సంస్థ చేసిన హత్యల్ని ఎవరూ సమర్థించనక్కర్లేదు. కానీ ఎంత ఘోరమైన నేరం మోపినా ముద్దాయికి వకీలుండాలి. లేకపోతే అది విచారణ కాదు, తంతు.

1978లో బెర్లిన్‌లో ఆల్టర్నేటివ్ లిస్టె పార్టీ పెట్టినవాళ్లలో ఆయనొకడు. అదే తర్వాత గ్రీన్స్ పార్టీలో కలిసింది. 2001లో తన పార్టీ ప్రభుత్వంలో ఉండగానే అఫ్ఘాన్ యుద్ధానికి సైన్యం పంపొద్దన్నాడు. 2002లో పార్టీ జాబితాలో గెలిచే చోటు ఆయనకు దక్కలేదు. అలిగాడా? గోడ దూకాడా? లేదు. సైకిలెక్కి క్రాయిజ్‌బర్గ్ వీధుల్లో తిరిగాడు. నియోజకవర్గంలో నేరుగా గెలిచి పార్లమెంటుకు పోయిన మొదటి గ్రీన్ ఆయనే. 2005, 2009, 2013ల్లోనూ జనం ఆయన్నే పంపారు. 2022లో చనిపోయాడు.

అవే కేసులు వాదించిన ఓటో షీలీ 1998లో హోంమంత్రై, 2001 తర్వాత నిఘా చట్టాలు తెచ్చాడు. మాలర్ నాజీ భావాల్లోకి జారి జైలు పాలయ్యాడు.

అందుకే కోటు చూసి నమ్మొద్దు, కోటు చూసి తిట్టొద్దు. టికెట్ దక్కనప్పుడు ఎవరి గడప తొక్కాడో చూడండి: అధిష్ఠానం గడపా, జనం గడపా?