చూరు నీళ్ళు మురుక్కాలవ పాలేనా?

పిల్లలూ! గట్టి వాన కురిసిన మర్నాడు దినపత్రికలో "నిన్న 5 సెంటీమీటర్ల వర్షపాతం నమోదయింది" అని చదువుతూ ఉంటారు. పాలను లీటర్లలో కొలుస్తాం, కిరసనాయిలునూ లీటర్లలోనే కొలుస్తాం. మరి వాననీటిని బట్ట కొలిచినట్లు సెంటీమీటర్లలో కొలవడమేమిటని మీకెప్పుడైనా సందేహం కలిగిందా?

పడిన వాన ఎటూ పారకుండా, నేలలోకి ఇంకకుండా, ఆవిరి కాకుండా పడ్డచోటనే నిలిచిపోయిందనుకోండి. అప్పుడు ఆ నీరు ఎంత లోతు ఉండేదో ఆ అంకె చెబుతుంది. ఈ కొలతలో మనకు పనికివచ్చే సౌకర్యం ఒకటి ఉంది. ఒక చదరపు మీటరు జాగా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే, ఆ నీరు సరిగ్గా ఒక లీటరు. కావాలంటే పలకమీద లెక్క వేసి చూడండి. 100 సెంటీమీటర్ల పొడవు, 100 సెంటీమీటర్ల వెడల్పు, ఒక సెంటీమీటరులో పదో వంతు లోతు - గుణిస్తే 1,000 ఘనపు సెంటీమీటర్లు వస్తాయి.

ఇక మీ డాబా ఎక్కుదాం. అది 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. దాని మీద 5 సెంటీమీటర్ల వాన, అంటే 50 మిల్లీమీటర్లు పడితే ఎన్ని నీళ్ళు? 5,000 లీటర్లు! వేసవిలో హైదరాబాదు వీధుల్లో తిరిగే నీళ్ళ ట్యాంకరు ఒకటి మోసుకొచ్చేది దాదాపు అంతే. ఆ ట్యాంకరు కోసం మేలో డబ్బు కట్టి, రోజంతా గుమ్మంలో కాచుకుని కూర్చునే వాళ్ళమే, జూలైలో అదే ట్యాంకరు మన నెత్తిమీద దిగితే గొట్టం గుండా వీధిలోకి వదిలేస్తున్నాం. నాకు ఈ సంగతి ఎప్పటికీ మింగుడుపడదు.

హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మన డాబా మీద అది 80,000 లీటర్లవుతుంది. ఎండకు ఆవిరయ్యేది, గోడల మీదికి చిమ్మేది, దుమ్ముతో వచ్చే తొలివాననీరు, అన్నీ కలిపి ఐదో వంతు పోయిందనుకున్నా 64,000 లీటర్లు మిగులుతాయి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని మన దేశంలో ఇంజనీర్లు లెక్క పెట్టుకున్నారు. ఐదుగురున్న ఇంటికి 675 లీటర్లు. భాగించి చూడండి, మూడు నెలలకు పైగా సరిపోతాయి.

ఈ 135 లీటర్లను కాస్త విప్పి చూద్దాం. అసలు కథ అందులోనే ఉంది. స్నానానికి 55, బట్టలు ఉతకడానికి 20, మరుగుదొడ్డిలో పోయడానికి 30, అంట్లకు 10, ఇల్లు కడగడానికి 10, వంటకు 5, తాగడానికి 5. చూశారా! నోటిలోకి పోయేది పదే పది లీటర్లు. కానీ మునిసిపాలిటీ కొళాయిలో వచ్చే 135 లీటర్లనూ తాగేందుకు తగినట్లుగానే వడగట్టి, క్లోరిన్ కలిపి పంపుతున్నారు. ఆ శుద్ధజలంలో 30 లీటర్లు మరుగుదొడ్డిలో పోస్తున్నాం.

ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోంది? హైదరాబాదుకు మొదట ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులుండేవి. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తిన తరువాత, వరదను ఆపడానికీ తాగునీటికీ ఉపయోగపడేలా వాటిని కట్టారు. పిమ్మట నగరం పెరిగింది. మంజీర నీళ్ళు, ఆపైన కృష్ణ, గోదావరి నీళ్ళు తేవలసివచ్చింది. ఇప్పుడు కృష్ణ నీరు నాగార్జునసాగరం వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తోంది. అదీ పల్లానికి పారుతూ రావడం కాదు, మిట్టకు ఎక్కుతూ! సాగర్ జలాశయం నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు, అంటే 180 మీటర్ల ఎత్తున ఉంటుంది. హైదరాబాదు ఉన్నది 500 మీటర్లకు పైన. నీటిని 300 మీటర్లకు మించి పైకి ఎత్తాలన్నమాట.

తొమ్మిదో తరగతి వాళ్ళకు ఇది తెలిసిన లెక్కే. వెయ్యి లీటర్ల నీరు అంటే వెయ్యి కిలోలు. దాన్ని 300 మీటర్లు ఎత్తడానికి 1000 × 9.8 × 300, అంటే 29 లక్షల 40 వేల జౌళ్ళ శక్తి కావాలి. ఒక యూనిట్ కరెంటు 36 లక్షల జౌళ్ళు. మోటార్లలోనూ గొట్టాల రాపిడిలోనూ నష్టమయ్యేది కలుపుకుంటే వెయ్యి లీటర్లకు ఒక యూనిట్ పైమాటే. ఇంత కొండ ఎక్కించి తెచ్చిన కృష్ణమ్మను మరుగుదొడ్డిలో గుమ్మరించడం సబబేనా? మీరే చెప్పండి.

ఇక్కడ ఒక పెద్దాయన అడ్డు తగలవచ్చు. "మన దేశంలో వాడే నీటిలో 80 శాతానికి పైగా సేద్యానికే పోతుంది గదా! మీరు స్నానాల గదిలో చెంబులు లెక్కపెడితే ఒరిగేదేమిటి?" అంటాడు. ఆయన చెప్పిన అంకె నిజమే. మీరు బకెట్టు నీళ్ళు మిగిల్చినందువల్ల ఏ పొలమూ పండదు. అయితే ఇంటికి వచ్చే నీరు కాలువలో పారే నీరు వంటిది కాదు. వడగట్టి, ఎత్తి, వంద కిలోమీటర్లు నడిపించిన నీరు అది. పైగా ఒక వీధిలో ఉన్నవాళ్ళు వెయ్యి అడుగుల బోరు వేసి తోడుకుంటే, పక్క బస్తీలోని చేతిపంపు ఎండిపోతుంది. ఆ బస్తీ ఆడపిల్ల బడి మాని బిందె పట్టుకుని వరుసలో నిలబడుతుంది. ఇంటి నీటి లెక్కలో నాకు అన్నింటికన్నా పెద్ద అంకె ఆ అమ్మాయే.

పెద్దల కాలంలో ఈ నీటిని ఇంత చులకనగా చూడలేదు. కోస్తా ఊళ్ళలో మండువా లోగిళ్ళుండేవి. నాలుగు వైపుల కప్పులూ లోపలికే వాలి, వాననీరు నడిమి వాకిట్లో పడేది. చూరు కింద గంగాళాలూ బిందెలూ పెట్టేవారు. "వాననీళ్ళతో పప్పు ఇట్టే ఉడుకుతుంది" అని అమ్మమ్మలు అనేవారు. అది ఒట్టి నమ్మకం కాదు. బావినీటిలోనూ బోరునీటిలోనూ కాల్షియం లవణాలుంటాయి. పప్పుగింజలో కణాలను అతికి ఉంచే పెక్టిన్ అనే జిగురుతో కాల్షియం కలిసి దాన్ని మరింత బిగిస్తుంది. వాననీటిలో ఆ లవణాలు దాదాపు ఉండవు కనుక పప్పు త్వరగా మెత్తబడుతుంది. సబ్బు బాగా నురగ రావడానికీ కారణం అదే. ఫ్లోరైడుతో పళ్ళూ ఎముకలూ పాడయిన నల్లగొండ, ప్రకాశం పల్లెల గురించి వినే ఉంటారు. ఆ విషం రాళ్ళనుంచి భూగర్భజలంలోకి వచ్చినదే గాని, ఆకాశం నుంచి పడినది కాదు.

ఇప్పుడు ఇంకుడు గుంతల మాట. ఈ గుంతల మీద నాకు గౌరవమూ ఉంది, కోపమూ ఉంది. 2002లో ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. ఇళ్ళలో వాననీటిని ఇంకించే ఏర్పాట్లకు అందులో చోటు ఇచ్చారు. మరుసటి ఏడాది తమిళనాడు ప్రతి భవనంలోనూ అలాంటి ఏర్పాటు ఉండాలంది. మద్రాసు బావుల్లో నీరు పైకి వచ్చింది కూడా. కాని 2018లో వానలు సరిగా పడలేదు. 2019 జూలైలో జోలార్‌పేట నుంచి ఆ నగరానికి రైలు వాగన్లలో, ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్ల చొప్పున, తాగునీరు తేవలసివచ్చింది. వాన లేనప్పుడు గుంత ఏం చేస్తుంది అనవచ్చు. నిజమే. కాని వాన ఉన్నప్పుడైనా ఎన్ని గుంతలు పనిచేస్తున్నాయి? గుంతలో అడుగున పెద్ద రాళ్ళు, వాటిపైన కంకర, పైన ఇసుక పోస్తారు. వాననీటితో వచ్చే ఒండ్రు మెల్లగా ఆ ఇసుకలో పేరుకుని, రెండు మూడేళ్ళకు బిరడా బిగించినట్లు మూసేస్తుంది. చట్టం గుంత తవ్వించగలదు. ఏటేటా మేలో పై ఇసుక తీసి కడిగే పని ఎవరో మనుషులు చెయ్యాలి.

హైదరాబాదు వంటి చోట ఇంకో చిక్కు కూడా ఉంది. మన కాళ్ళ కింద ఉన్నది నల్లరేగడి కాదు, గ్రానైటు రాయి. నీరు పైనున్న మొరంలోనూ, రాతి పగుళ్ళలోనూ మాత్రమే నిలుస్తుంది. అందుకని నా సలహా ఇది. చూరు నీటికి మొదటి చోటు ఇంటి సంపు. తొలి వానకు డాబా మీది దుమ్మూ పిట్టల రెట్టా కొట్టుకుపోనిచ్చి, తరువాతి నీటిని ఇసుక, బొగ్గు వడపోత గుండా సంపులోకి వదలాలి. సంపు 10,000 లీటర్లదైనా ఫరవాలేదు, వానాకాలంలో అది నాలుగైదు సార్లు నిండి ఖాళీ అవుతుంది. పొర్లిపోయేది గుంతకు పోవాలి. గుంతే మొదటిదని చెప్పే వాళ్ళతో నేను ఏకీభవించను. సంపులోని నీరు కంటికి కనిపిస్తుంది, తగ్గితే తెలుస్తుంది. గుంతలో పోసినది మనకే దక్కుతుందన్న నమ్మకం లేదు. (పక్కింటి బోరులోకి పోయినా మంచిదేననుకోండి!) సంపు నీటిని వంటకూ తాగడానికీ వాడేటట్లయితే కాచి చల్లార్చి వాడాలి. ఆస్బెస్టాస్ రేకుల కప్పు మీది నీరు తాగడానికి పనికిరాదు.

ఈ పని వీధులకూ మేలు చేస్తుంది. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో కుండపోత కురిసింది. మర్నాటి ఉదయానికి బేగంపేటలో 19 సెంటీమీటర్లు కొలిచారు. మన చిన్న డాబా ఒక్కటే ఆ రాత్రి 19,000 లీటర్లు వీధిలోకి తోసి ఉంటుంది. వీధిలో వంద డాబాలుంటే ఎంతో మీరే చూసుకోండి.

వాన లేని ఎనిమిది నెలల మాటేమిటి? పైన రాసిన పట్టీ మళ్ళీ చూడండి. స్నానానికీ బట్టలకూ కలిపి 75 లీటర్లు. మరుగుదొడ్డికీ నేల కడగడానికీ 40 లీటర్లు. మొదటి నీరే రెండో పనికి ఎందుకు రాకూడదు? బట్టలు రెండోసారి జాడించిన నీళ్ళు బకెట్టులో పట్టి మరుగుదొడ్డిలో పోస్తే చాలు, గొట్టాలూ మోటార్లూ ఏమీ అక్కర్లేదు. స్నానపు నీటిని అరటిచెట్టుకో, కొబ్బరిచెట్టుకో మళ్ళించవచ్చు. పల్లెల్లో ఇది ఎప్పటినుంచో ఉన్నదే. మూడు జాగ్రత్తలు మాత్రం మరవకండి. సబ్బునీటిని రోజు దాటి నిలవ ఉంచకూడదు. అందులోని సూక్ష్మజీవులు ప్రాణవాయువును వాడేసి కంపు పుట్టిస్తాయి, దోమలూ చేరతాయి. ఆకుకూరల మీద పోయకూడదు. ఇంకుడు గుంతలోకి అసలే వదలకూడదు. అలా చేస్తే భూగర్భజలాన్ని మనమే పాడుచేసుకున్నట్లు.

ఇక మీ బడి సంగతి. ఇళ్ళలో పెద్దలు వింటారో లేదో గాని, బడి కప్పు మాత్రం మీకు అందుబాటులోనే ఉంది. టేపు పట్టుకుని కొలవండి. ఆరు గదులూ వరండా ఉన్న బడికి 400 చదరపు మీటర్ల కప్పు ఉండటం కష్టం కాదు. ఒక్క సెంటీమీటరు వానకు 4,000 లీటర్లు. నీళ్ళు లేక తాళం పడిన ఆడపిల్లల మరుగుదొడ్డికి అవి ఎన్నాళ్ళు వస్తాయో లెక్క కట్టి, ఆ కాగితం ప్రధానోపాధ్యాయుల గారికి ఇవ్వండి. గుంత ఇప్పటికే ఉంటే మూత తీయించి చూడండి. సెలవులకు ముందు, ఏప్రిల్‌లోనే, ఇసుక కడిగించే బాధ్యత ఏ తరగతిదో కూడా ఆ కాగితం మీదే రాయండి.