అక్షరాలు వచ్చాకే సైన్సా?

పిల్లలు బడికి వస్తున్నారు గానీ వాళ్ళకి చదవటం, రాయటం రావటం లేదని ప్రభుత్వాలు ఇప్పటికైనా ఒప్పుకున్నాయి. కేంద్రం 2021లో ప్రారంభించిన నిపుణ్ భారత్, తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు ఈ ఒప్పుకోలులోంచి పుట్టినవే. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలి, చిన్న చిన్న లెక్కలు చేయగలగాలి అన్న లక్ష్యాన్ని మనం వ్యతిరేకించేదేమీ లేదు. ఇది మనం ఎప్పటినుంచో అడుగుతున్నదే. అయితే పరీక్షించి, లెక్కగట్టి, పై అధికారికి పంపేవి చదవటం, రాయటం, లెక్కలు మాత్రమే అయినప్పుడు టీచరు సమయమంతా వాటి వెనకే పోతుంది. పరిసరాల విజ్ఞానం పుస్తకం సంచిలోనే ఉండిపోతుంది. 'ముందు అక్షరాలు రానీయండి, సైన్సు తర్వాత చూద్దాం' అనే మాట వినటానికి సబబుగానే ఉంటుంది. ఈ మాటతోనే మాకు పేచీ.

తర్వాత అంటే ఎప్పుడు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైగా ఉన్నారు. వీళ్ళలో చాలామందికి ఆ 'తర్వాత' రాలేదు. పెళ్ళయిన రెండేళ్ళకి ఒళ్ళో బిడ్డకి విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆ పిల్ల చేతిలో ఓ.ఆర్.ఎస్. పొట్లం ఉంటుంది. లీటరు నీళ్ళలో కలిపే పొట్లమూ, 200 మిల్లీలీటర్లలో కలిపే చిన్న పొట్లమూ రెండూ దొరుకుతాయి. ఏది ఎంతలో కలపాలో చదవగలగటం అక్షరాస్యత. పెద్ద పొట్లాన్ని గ్లాసుడు నీళ్ళలో కలిపితే ఉప్పు మోతాదు మించి బిడ్డకి ప్రమాదమని తెలియటం విజ్ఞానం. ఆ తల్లికి ఈ రెండూ ఒకే క్షణంలో కావాలి. పురుగుమందు డబ్బా సంగతీ అంతే. దానిమీద రంగు త్రికోణాలుంటాయి. ఎరుపు అతి తీవ్రమైన విషం, తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ చూసి ప్రమాదం లేదనుకుని ఉత్త చేతులతో కలిపే కూలీ స్త్రీకి అక్షరాలు వచ్చినా ఉపయోగపడలేదన్నమాట.

ఇంకో వైపు నుంచి చూద్దాం. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 1990 దశకంలో సీడు పత్తి చేలలో వేలాది ఆడపిల్లలు పనిచేశారు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసెయ్యటం, మర్నాడు పొద్దున్నే మగపువ్వు పుప్పొడి తెచ్చి అద్దటం వాళ్ళ పని. చిన్న వేళ్ళయితే మొగ్గ చెడదని రైతులు సాకు చెప్పేవారు. తక్కువ కూలికి దొరుకుతారన్నది అసలు కారణం. అది బాల్యాన్ని దోచుకోవటమే, అందులో రెండో మాట లేదు. కానీ అలా పని చేసి, స్వచ్ఛంద సంస్థల శిబిరాల ద్వారా బడికి చేరిన పిల్లకి ఎదురయ్యేది ఏమిటి? 'పుష్పంలోని భాగములు' అనే పాఠం. కేసరావళి, అండకోశం అనే మాటలు పలకలేక తల దించుకుని కూర్చుంటుంది. పువ్వు గురించి ఆ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి తనేనని ఆమెకీ తెలియదు, టీచరుకీ తెలియదు. ఆమె చేతులకి తెలిసినదాన్ని ఆమె నోటితోనే చెప్పించి, దాన్నే బోర్డు మీద రాసి చదివించి ఉంటే భాషా పాఠమూ సైన్సు పాఠమూ ఒకేసారి పూర్తయ్యేవి.

భాష నేర్పటమంటే గుణింతాలు, వత్తులు మాత్రమే కాదని మనందరం అంటాం. మరి ఇంకేమిటి? గుప్పెడు పెసలు తీసుకోండి. కొన్ని తడిగుడ్డలో, కొన్ని పొడిగుడ్డలో కట్టండి, కొన్ని నిండా నీళ్ళున్న గ్లాసులో ముంచి పెట్టండి. నాలుగు రోజులు పిల్లలు చూడాలి, చూసింది రాయాలి. ఒకటో తరగతి వాళ్ళు బొమ్మ వేసి 'పెసలు' అని రాస్తారు. రెండో తరగతి వాళ్ళు రోజుకో వాక్యం రాస్తారు. మూడు, నాలుగు తరగతుల వాళ్ళు పట్టిక గీస్తారు. అయిదో తరగతి వాళ్ళు వాదించుకుంటారు. 'నీళ్ళు పోస్తే మొలకెత్తుతాయి' అంటుంది ఒక పిల్ల. 'మరి గ్లాసులో నీళ్ళున్నా మొలకెత్తక కుళ్ళిపోయాయేం?' అంటుంది ఇంకో పిల్ల. గింజకి గాలి కూడా కావాలన్న సంగతి అక్కడ తేలుతుంది. 'పోస్తే', 'ఉన్నా', 'కాబట్టి', 'ఎందుకంటే' - ఈ మాటలు వ్యాకరణం పుస్తకంలో బట్టీ పడితే వచ్చేవి కావు. కారణం వెతికే పని ఉన్నప్పుడే పిల్ల నోట పలుకుతాయి, కాగితం మీదికి వస్తాయి. విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లనే ఇస్తోంది. ఇద్దరే అయిదు తరగతులు నడిపే బడిలో అందరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగే పాఠం ఇంతకంటే చవకగా దొరకదు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో, దూబగుంటలో, స్త్రీలు తమ బతుకులోని సారా సమస్య గురించి చదువుకున్నారు, చర్చించుకున్నారు కాబట్టే 1992 సారా వ్యతిరేక పోరాటానికి ఆ చదువు ఊపునిచ్చింది. అంతగా ప్రచారం కాని ఉదాహరణ ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాది. 1990 దశకం మొదట్లో మహిళా సమాఖ్య అక్కడి పల్లె స్త్రీలకి, ఎక్కువగా దళిత, ఆదివాసీ స్త్రీలకి, చేతిపంపులు బాగుచేయటం నేర్పింది. పంపు విప్పి బిగించటం వచ్చాక, రిపేరు వివరాలు రాసుకోవలసిన అవసరం వచ్చాక, వాళ్ళే చదువు కావాలన్నారు. పంపు భాగాల పేర్లతో, నీళ్ళతో వాళ్ళ అక్షరాలు మొదలయ్యాయి. తర్వాత నిరంతర్ సంస్థతో కలిసి నడిపిన శిక్షణ కేంద్రంలో నీరు, నేల, అడవి, ఆరోగ్యం, సమాజం అనే అంశాల చుట్టూ పాఠాలు తయారుచేసుకున్నారు. 'చదువురాని ఆడవాళ్ళకి యంత్రాలేం అర్థమవుతాయి' అన్నవాళ్ళకి ఆ పంపుల్లోంచి వచ్చిన నీళ్ళే జవాబు. 2016లో కేంద్రం మహిళా సమాఖ్యకి నిధులు ఆపేసినప్పుడు ఈ అనుభవాన్ని బడి చదువులోకి తెచ్చే దారి కూడా మూసుకుపోయింది. దీనిమీద రావలసినంత గొడవ రాలేదు.

ఇక టీచర్ల సంగతి. వాళ్ళని తిట్టటం తేలిక. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద ప్రాథమిక బడులకి సైన్సు కిట్లు వచ్చాయి. చాలా బడుల్లో అవి బీరువాలోంచి బయటికే రాలేదు. పగిలితే జవాబు చెప్పుకోవాలన్న భయం ఒకటి, వాటితో ఏం చెయ్యాలో ఎవరూ చేయించి చూపకపోవటం ఒకటి. శిక్షణ కళాశాలల్లో తెలుగు బోధనా పద్ధతులు ఒకరు, సైన్సు బోధనా పద్ధతులు ఇంకొకరు చెబుతారు. ఆ రెండూ ఒక బిడ్డ బుర్రలో ఎలా కలుస్తాయో చెప్పేవారు లేరు. చూసి ఎక్కించిన రికార్డులతో కోర్సు గట్టెక్కుతుంది. పదో తరగతితోనే సైన్సు వదిలేసి, 'అది మగపిల్లల సబ్జెక్టు' అని వింటూ పెరిగిన అమ్మాయి టీచరయ్యాక పిల్లల ప్రశ్నకి బెదిరిపోతే ఆశ్చర్యమేముంది? 'ఏమో, రేపు చేసి చూద్దాం' అని పిల్లల ముందు అనగలిగే ధైర్యం ఆమెకి శిక్షణలో రావాలి. మధ్యప్రదేశ్‌లో 1972 నుంచి నడిచిన హోషంగాబాద్ సైన్సు బోధనా కార్యక్రమంలో ఇది జరిగింది. టీచర్లే వేసవి శిబిరాల్లో ప్రయోగాలు చేశారు, చూసింది రాశారు, ఒకరితో ఒకరు వాదించుకున్నారు, నెలనెలా కలుసుకుని బడిలో ఎదురైన ఇబ్బందులు చెప్పుకున్నారు. ముప్ఫయ్యేళ్ళు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వమే ఆపేసింది. ఒకరోజు ఉపన్యాసం వినిపించి, టీ బిస్కట్లు ఇచ్చి, సంతకాలు తీసుకుని పంపే మన శిక్షణల్ని దాని పక్కన పెట్టి చూసుకోవాలి.

మన చేతిలో ఏముంది? విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. మన సంఘాల్లోని తల్లులు ఎందరో ఈ కమిటీల్లో ఉన్నారు, ఎక్కువసార్లు తీర్మానం పుస్తకంలో వేలిముద్రకే పరిమితమై ఉన్నారు. వాళ్ళతో కూర్చుని మూడు ప్రశ్నలు తయారుచేసుకుందాం. ఈ నెలలో మా పిల్ల తన చేత్తో చేసి చూసింది ఏమిటి? దాని గురించి సొంతంగా రాసిన కాగితం ఏది? కిట్టు తాళం ఎవరి దగ్గరుంది? మండల స్థాయిలో పనిచేసే కార్యకర్తలు తెలుగుకి ఒకరోజు, సైన్సుకి ఇంకోరోజు కాకుండా రెంటినీ కలిపి, టీచర్లచేత చేయించే శిక్షణ ఇవ్వాలని విద్యాధికారులకి వినతిపత్రాలు ఇవ్వాలి. వేసవి శిక్షణల ప్రణాళికలు ఖరారు కాకముందే ఇవి అందాలి.