లెక్క అడగండి, నడక ఆపకండి

సంపాదకులకు,

శరణార్థుల కోసం చందాలు పోగుచేస్తూ యువత చేసే నడకలన్నీ సెల్ఫీల సంబరమేనని గత వారం మీ వ్యాసకర్త తేల్చేశారు. టీషర్టులకు, ఫ్లెక్సీలకు పెట్టేది దండగ ఖర్చే, కాదనను. అయితే ఆయన ఒకసారి హైదరాబాద్‌లోని బాలాపూర్ వెళ్లి చూడాలి. మయన్మార్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన రోహింగ్యాలు అక్కడ రేకులు, టార్పాలిన్ల గుడిసెల్లో బతుకుతున్నారు. మగవాళ్లలో చాలామందికి అడ్డా కూలీయే గతి. వాళ్ల చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు. ఎక్కడికెళ్లినా అడిగేది ఆధార్. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు కనుక ఆ కార్డుకున్న విలువ అంతంతమాత్రమే. పిల్లను బడిలో చేర్చాలన్నా, గర్భిణికి ఓపీ చీటీ రాయించాలన్నా తెలుగు వచ్చిన మనిషి ఒకరు పక్కన నిలబడాలి. డబ్బుతో కాని ఆ పని డిగ్రీ పిల్లలు చేయగలరు. వాళ్లను ఆ బస్తీ దాకా నడిపించేది ఈ నడకే అయితే మనకొచ్చిన నష్టమేమిటి?

పోగైన సొమ్మెంత, దేనికి పోయిందని నిర్వాహకులను నిలదీయండి, అది న్యాయం. జూన్ 20న, ప్రపంచ శరణార్థుల దినం నాడు నడిచే విద్యార్థులకు నా మనవి ఒక్కటే: జమాఖర్చులు కాలేజీ నోటీసు బోర్డుకు అంటించండి, మర్నాడు కూడా బాలాపూర్ వెళ్లండి.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్