మన ఊరి టీకా మన పిల్లలకు అందాలి

కోవిడ్ తర్వాత రోగనిరోధక శక్తి పేరుతో పొడులు, సిరప్‌లు, కషాయాల అమ్మకం బాగా పెరిగింది. హైదరాబాద్ శివారు బడంగ్‌పేట్ మెడికల్ షాపుల్లోనూ అవే వరుసలు. ఆ డబ్బు పెట్టే తల్లిదండ్రుల్లో ఎంతమంది పిల్లలకు టైఫాయిడ్ టీకా వేయించారు? బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్ల మీద బతికే శివారు కాలనీల్లో అడగాల్సిన ప్రశ్న ఇదే.

టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ కలుషితమైన నీటితో, తిండితో కడుపులోకి చేరుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లానికి కొన్ని చస్తాయి. మిగిలినవి పేగు గోడ దాటుతాయి. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు వాటిని మింగుతాయి. మింగితే చావాలి గానీ, ఈ సూక్ష్మజీవి ఆ కణంలోనే బతుకుతుంది, కాలేయానికీ ప్లీహానికీ పాకుతుంది. దాని ఒంటి మీది ‘వి’ అనే చక్కెర పొర శరీరపు తొలి హెచ్చరికలను మందగింపజేస్తుంది. జ్వరం బయటపడేసరికి సాధారణంగా ఒకటి రెండు వారాలు గడిచిపోతాయి.

ఆ పొరను పట్టుకునే యాంటీబాడీలను బి కణాలు తయారుచేస్తాయి. బి కణాలకు టి కణాల సాయం అందితేనే ఆ పొర గుర్తు ఏళ్ల తరబడి నిలుస్తుంది. చిక్కేమిటంటే, టి కణాలు ప్రొటీన్ ముక్కలను గుర్తుపడతాయి, ఈ చక్కెరను గుర్తుపట్టలేవు. అందుకే ఉత్త చక్కెర పొరతో చేసిన పాత టీకా రెండేళ్లలోపు పిల్లలకు పనికిరాలేదు. పెద్దలకూ మూడేళ్లకోసారి మళ్లీ వేయాల్సి వచ్చేది.

షామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్ ఈ చక్కెరను, విషగుణం తీసేసిన ధనుర్వాత ప్రొటీన్‌కు జతచేసి కాంజుగేట్ టీకా తయారుచేసింది. ప్రొటీన్‌ను చూసి టి కణం కదులుతుంది, బి కణానికి తోడొస్తుంది. యాంటీబాడీలు మాత్రం చక్కెర మీదే తయారవుతాయి. రోగనిరోధక వ్యవస్థ పనితీరును ఇంత బాగా చదివి చేసిన పని మన నగరంలో జరిగిందంటే నాకు గర్వంగా ఉంటుంది. ఆరు నెలల బిడ్డకూ ఒక్క డోసు వేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ పొందిన తొలి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఇదే. మలావీ, నేపాల్, బంగ్లాదేశ్ పరీక్షల్లో ఇంచుమించు 80 శాతం రక్షణ కనిపించింది.

2016లో పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌లో చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని టైఫాయిడ్ పుట్టుకొచ్చింది. 2018లో అక్కడి పిల్లలకు వేసింది మన హైదరాబాద్ టీకాయే. మరుసటి ఏడాది పాకిస్తాన్ టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను ఉచిత టీకాల్లో చేర్చింది, ప్రపంచంలో అందరికన్నా ముందు. మన దేశంలో నవీ ముంబయి నగరపాలక సంస్థ కూడా 2018లోనే తన పిల్లలకు ఉచితంగా వేసింది.

సింధ్ పిల్లలకు అందినందుకు సంతోషమే. బడంగ్‌పేట్ కూలి మనిషి బిడ్డకు మాత్రం అది కొనుక్కుంటేనే దొరకడం అన్యాయం. నీళ్ల పైపులూ డ్రైనేజీ బాగుచేయడం ఎలాగూ తప్పదు, టీకా దానికి బదులు కాదు. కానీ పైపులన్నీ బాగయ్యేదాకా పిల్లలు ఆగలేరు. తెలంగాణ ప్రభుత్వం ముందు శివారు కాలనీలతోనైనా మొదలుపెట్టి, ఈ ఒక్క డోసును అంగన్‌వాడీల్లో, బడుల్లో ఉచితంగా వేయించాలి.