గుండాల వేడినీటికి థర్మామీటరు పెట్టండి

పిల్లలూ, పుష్యమాసపు చలిలో తెల్లవారుజామున బోరింగు పంపు కొట్టి చూశారా? మొదటి బకెట్టు పోయాక వచ్చే నీరు చేతికి వెచ్చగా తగులుతుంది. అదే బోరింగు మే నెల మిట్టమధ్యాహ్నం కొడితే చల్లని నీరు వస్తుంది. భూమి మన మీద దయతలచి శీతాకాలంలో నీళ్ళు కాచి, వేసవిలో చల్లార్చి పంపుతున్నదని మా బడిలో ఒక చిన్నవాడు చాలా గట్టిగా వాదించాడు. వాడి చేతికి థర్మామీటరు ఇచ్చి జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి కొలవమన్నాను. రెండుసార్లూ పాదరసం దాదాపు ఒకచోటనే ఆగింది. పది, ఇరవై మీటర్ల లోతున ఉండే నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడుగునా పెద్దగా మారదు. మన కోస్తా జిల్లాలలో అది సుమారు 28 డిగ్రీల సెంటీగ్రేడు. మారేది బయటి గాలి, దానితోపాటు మన చర్మం. చేయి మంచి సాక్షి కాదు.

నిజంగా వేడిగా ఉండే నీటిని చూడాలంటే మనం కొల్లేటి ఒడ్డు విడిచి ఉత్తరంగా వెళ్ళాలి. కొల్లేటి గట్టు మీద నిలబడి చుట్టూ చూస్తే తాటిచెట్టు కంటే ఎత్తయినది ఏదీ కనిపించదు. అక్కడి పిల్లలకు కొండ అంటే పుస్తకంలో బొమ్మే. ఏలూరు నుండి గాని తాడేపల్లిగూడెం నుండి గాని బయలుదేరి జంగారెడ్డిగూడెం దాటితే నేల మిట్టపల్లాలుగా మారుతుంది. అశ్వారావుపేట మీదుగా భద్రాచలం చేరేసరికి అడవి, కొండలు, వాటి మధ్య గోదావరి. ఒక పూట ప్రయాణం. భద్రాచలానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే గుండాల అనే ఊరు ఉన్నది. అక్కడ నీరు తగ్గిన కాలంలో గోదావరి ఇసుకలో గుంట తవ్వితే వేడినీరు ఊరుతుంది. పక్కన నది చల్లగా పారుతూ ఉంటుంది, మీ కాళ్ళ కింద గుంటలో నీరు ఆవిరి విడుస్తూ ఉంటుంది, తల ఎత్తితే కొండల వరుస. ఇంత మంచి ప్రయోగశాలను ఏ బడీ కట్టలేదు.

బ్రహ్మ విష్ణు మహేశ్వరులు శీతాకాలంలో ఇక్కడ స్నానం చేశారని స్థానికులు చెప్పుకుంటారు. యాత్రికులు నీళ్ళు నెత్తిన చల్లుకుని వెళతారు. మన బడుల విహారయాత్రలు కూడా ఇంతే. రామాలయం చూస్తారు, బొమ్మలు కొంటారు, వీలైతే గుండాలలో కాళ్ళు తడిపి బస్సు ఎక్కుతారు. తిరిగి వచ్చాక “ఎంత వేడిగా ఉన్నది?” అని అడిగితే “అబ్బో, చాలా!” అంటారు. చాలా అంటే ఎన్ని డిగ్రీలు? బోరింగు నీటిని కూడా వేడి అని చెప్పిన చేతులే కదా అవి! సైన్సు చదివే పిల్లలు థర్మామీటరు లేకుండా వేడినీటి బుగ్గ దగ్గరకు వెళ్ళడం నాకు ఏమాత్రం నచ్చదు. ఇప్పుడు దానికి తొందర కూడా ఉన్నది. ఎందుకో తరువాత చెబుతాను. ముందు ఆ నీరు ఎందుకు కాగుతుందో చూద్దాం.

అక్కడ భూమిలో గంధకం మండుతున్నదని కొందరు పెద్దలు చెబుతారు. మండాలంటే ఆమ్లజని కావాలి. అంత లోతున, నీటి అడుగున, అది ఎక్కడి నుండి వస్తుంది? కొన్ని బుగ్గల దగ్గర కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువు వాసన, మంట వాసన కాదు. అగ్నిపర్వతం ఉన్నదేమో అని మరికొందరు అనుకుంటారు. గోదావరి లోయలో నేడు అగ్నిపర్వతమేదీ లేదు. అయినా నీరు కాగుతున్నది. కారణం చాలా సాదా అయినది. భూమిలోకి పోయినకొద్దీ వేడి పెరుగుతుంది. సాధారణంగా ఒక కిలోమీటరు లోతుకు 25 నుండి 30 డిగ్రీలు. భూమి పుట్టిననాటి వేడి ఇంకా పూర్తిగా చల్లారలేదు. పైగా శిలలలో కొద్దికొద్దిగా ఉండే యురేనియం, థోరియం, పొటాషియంల రేడియోధార్మికత వల్ల ఆ వేడికి నిత్యం కొంత చేరుతూనే ఉంటుంది.

ఈ వేడి ఏలూరు కింద కూడా ఉన్నది, కొల్లేరు కింద కూడా ఉన్నది. మరి అక్కడ బుగ్గలు ఎందుకు లేవు? నీరు లోతుకు దిగి, చల్లారక ముందే పైకి రావడానికి ఒక దారి కావాలి. గుండాల వైపు ఆ దారి ఉన్నది. ప్రాణహిత నుండి గోదావరి వెంట దిగువకు భూమి చాలాకాలం క్రితం పొడుగునా చీలి, మధ్యభాగం కుంగింది. దీనిని పగులు లోయ అంటారు. కుంగిన ఆ పల్లంలో కోట్ల సంవత్సరాల పాటు ఇసుక, మట్టి, చెట్లు చేమలు పేరుకున్నాయి. ఆ చెట్లే సింగరేణి బొగ్గు అయినాయి, ఆ ఇసుకే ఇసుకరాయి అయింది. గట్టి కొండరాతికీ కుంగిన భాగానికీ మధ్య ఉన్న పగుళ్ళను భ్రంశాలు అంటారు. ఎత్తున పడిన వాన నీరు ఇసుకరాయి సందుల గుండా, పగుళ్ళ గుండా లోతుకు దిగుతుంది, అక్కడి రాతి వేడిని గ్రహిస్తుంది, వెనుక నుండి వచ్చే నీటి ఒత్తిడికి మరో పగులు వెంట పైకి లేస్తుంది. వంపు తిరిగిన గొట్టంలో ఒక కొసన నీళ్ళు పోస్తే రెండో కొసన పైకి వచ్చినట్లే. వేడెక్కిన నీరు తేలిక కావడం కూడా కొంత సాయం చేస్తుంది.

పగులు లోయ అనేది పుస్తకంలో మాట మాత్రమే కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 పరిమాణంతో వచ్చిన భూకంపం మన వైపు కూడా చాలామందికి తెలిసింది. ఇవన్నీ ఈ లోయ దాపులనే.

భద్రాచలానికి ఎగువన, గోదావరి అవతలి ఒడ్డున, మణుగూరు ఉన్నది. ఆ ప్రాంతంలో భూమిలోకి వేసిన కొన్ని బోర్ల నుండి వేడినీరు మోటారు లేకుండా తనంతట తానే పొంగి వచ్చింది. అక్కడి పగిడేరు దగ్గర సింగరేణి సంస్థ 2020 దశకం ఆరంభంలో ఆ వేడినీటితో కరెంటు తీసే 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రం పెట్టింది. నీరు మరిగేంత వేడిగా లేకపోయినా కరెంటు ఎలా వస్తుంది? వేడినీటిని గొట్టాలలో పంపి, తక్కువ వేడికే మరిగే మరొక ద్రవాన్ని కాస్తారు. ఆ ద్రవం ఆవిరి అయి టర్బైను తిప్పుతుంది, తరువాత చల్లారి మళ్ళీ ద్రవమై మొదటికి వస్తుంది. 20 కిలోవాట్లు అంటే ఎంత? కొల్లేటి చుట్టుపక్కల రొయ్యల చెరువులలో నీటిని చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు మీకు తెలుసు. ఒక్కొక్కటి 2 హార్స్ పవర్ అనుకుంటే, అంటే సుమారు ఒకటిన్నర కిలోవాటు, ఈ కేంద్రం పదమూడింటిని తిప్పగలదు. ఒక మోస్తరు రైతుకు సరిపోవచ్చు. దీనితో రాష్ట్రమంతా దీపాలు వెలుగుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ రాత్రీ పగలూ, ఎండా వానా అనే తేడా లేకుండా వచ్చే కరెంటు కనుక దీనిని చిన్నచూపు చూడడం కూడా తప్పే.

మన దేశంలో ఇలాంటి బుగ్గలు సుమారు 340 ఉన్నాయని లెక్క. హిమాచల్ ప్రదేశ్‌లోని మణికర్ణ్‌లో బియ్యం మూటకట్టి బుగ్గలో దించి అన్నం వండుతారు. తెలుగువారు ఎక్కువగా ఉండే బరంపురం దగ్గర, ఒడిశా గంజాం జిల్లా కొండలలో, తప్తపాణి ఉన్నది. డబ్బూ సెలవులూ ఉన్నవారు అవన్నీ చూడవచ్చు. కొల్లేటి బడి పిల్లలకు అందుబాటులో ఉన్నది గుండాలే.

ఇక తొందర సంగతి. గోదావరి మీద పోలవరం ఆనకట్ట కడుతున్నారు. దాని పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. భద్రాచలంలో వరద వచ్చినప్పుడు రేడియోలో, టీవీలో మొదటి హెచ్చరిక 43 అడుగులు అని వింటారు కదా. అది అక్కడి గేజీ చూపే కొలత. సముద్రమట్టం నుండి లెక్కవేస్తే అదీ 45.72 మీటర్లే. అంటే గేజీ సున్నా 150లో నుండి 43 తీసివేయగా 107 అడుగుల ఎత్తున ఉన్నది. జలాశయం నిండుగా ఉన్నప్పుడు భద్రాచలం దగ్గర నీరు సుమారుగా మొదటి హెచ్చరిక మట్టంలో నిలుస్తుందన్న మాట. వేసవిలో జలాశయం తగ్గదా అంటారేమో. దాని కనీస మట్టం 135 అడుగులు. 135లో నుండి 107 తీసివేయండి. 28 అడుగులు. ఇప్పుడు వేసవిలో ఆ గేజీ కొద్ది అడుగులే చూపుతుంది, అందుకే ఇసుక బయటపడుతుంది, అందుకే మనం గుంట తవ్వగలుగుతున్నాం. ఆనకట్ట పూర్తి అయి నీరు నిలిపిన తరువాత ఆ ఇసుక ఏ నెలలోనూ బయటపడే అవకాశం నాకు కనిపించడం లేదు. బుగ్గ ఆగిపోదు. నీటి అడుగున ఊరుతూనే ఉంటుంది. ఎవరూ చూడలేరు, అంతే.

ఆనకట్ట వద్దని నేను అనడం లేదు. దాని కుడి కాలువ నీరు వచ్చేది మన ఏలూరు వైపుకే. ఆ నీటి కోసం ఊళ్ళు వదిలి వెళ్ళిన గిరిజన కుటుంబాల నష్టం ముందు ఒక బుగ్గ మునగడం చాలా చిన్న విషయమని కూడా నాకు తెలుసు. కానీ నీరు మనకు వస్తున్నప్పుడు, మునిగిపోయేదాని లెక్క రాసిపెట్టే పని కూడా మనమే చేయాలి. గుండాల 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, నాలుగడుగులు వేస్తే భద్రాచలం తెలంగాణలో ఉన్నది. ఏ రాష్ట్రం బడి కొలవాలి అని పెద్దలు చర్చించుకునే లోపల పిల్లలు వెళ్ళి కొలిచి రావచ్చు. భూమి కింది పగులుకు సరిహద్దు రాయి కనిపించదు.

శాస్త్రజ్ఞులు ఎప్పుడో కొలిచి ఉంటారు కదా, మనం ఎందుకు అని ఒక ఉపాధ్యాయ మిత్రుడు అన్నాడు. ఒకసారి కొలిస్తే ఒక అంకె దొరుకుతుంది. ప్రతి సంవత్సరం ఒకే నెలలో, ఒకే విధంగా కొలిస్తే ఆ బుగ్గ మారుతున్నదా, లేదా అన్నది తెలుస్తుంది. శాస్త్రజ్ఞుడు ఏటేటా రాలేడు. విహారయాత్ర బస్సు మాత్రం ఏటేటా భద్రాచలం వెళుతూనే ఉన్నది.

కొలిచిన అంకెతో ఏమి చేయవచ్చో ఒక ఉదాహరణ చెబుతాను. మీ థర్మామీటరు 48 డిగ్రీలు చూపిందనుకుందాం. పైపొరలో నీరు 28 డిగ్రీలు కనుక పెరిగినది 20. కిలోమీటరుకు 25 చొప్పున లెక్కిస్తే ఆ నీరు 800 మీటర్ల లోతు చూసి వచ్చింది. కానీ వచ్చే దారిలో అది కొంత చల్లారి ఉంటుంది, ఇసుకలో నది నీటితో కలిసి ఉంటుంది. కనుక 800 మీటర్లు కనీసపు లోతు, అసలు లోతు అంతకంటే ఎక్కువే. ఒక గాజుగొట్టంతో కిలోమీటరు లోతు సంగతి ఊహించగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

జ్వరం చూసే థర్మామీటరు తీసుకువెళ్ళకండి. అది 42 డిగ్రీల దాకానే చూపుతుంది, వేడినీటిలో పెడితే పగులుతుంది. ప్రయోగశాలలో వాడే 110 డిగ్రీల థర్మామీటరు కావాలి. నది ఇసుకలో పగిలితే పాదరసం ఏరడం ఎవరి తరమూ కాదు కనుక ఎర్ర ద్రవం ఉన్నది మేలు. ఒక్క గుంటతో తృప్తిపడక, ఒడ్డు వెంట మూడు నాలుగు చోట్ల తవ్వి చూడండి. వేడి ఊటలు సాధారణంగా పగులు వెంట ఒక వరుసలో పుడతాయి. మీకు వరుస దొరికితే ఆ పగులు ఏ దిక్కుగా పోతున్నదో మీరే పటం మీద గీయవచ్చు. గాలి ఉష్ణోగ్రత, నది నీటి ఉష్ణోగ్రత, గుంట లోతు, తేదీ, గంట అన్నీ రాయాలి. గుంటను ముందు థర్మామీటరుతో చూసి తరువాతే చేయి పెట్టండి. 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మం కాలుస్తుంది. గోరువెచ్చగా ఉన్నదని నిలవనీటిలో తల ముంచకండి, ముక్కులోకి నీరు పోనివ్వకండి. అరుదుగానైనా, అలాంటి నీటిలో పెరిగే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. చర్మవ్యాధి ఉన్నవారు ఆసుపత్రికి వెళ్ళాలి, బుగ్గకు కాదు. పెద్దలు తోడు లేకుండా నదిలో దిగవద్దు.

జనవరి చివర గాని ఫిబ్రవరిలో గాని వెళితే ఇసుక బయటపడి ఉంటుంది, ఎండ కూడా అంతగా ఉండదు. బయలుదేరే ముందు రోజు థర్మామీటరును కరుగుతున్న మంచుముక్కలలో ఒకసారి, మరుగుతున్న నీటి ఆవిరిలో ఒకసారి ఉంచి సరిచూసి, తేడా ఎంత ఉన్నదో రిజిస్టరు మొదటి పుటలో రాసుకోండి.